టీనేజ్ పిల్లలతో మద్యం గురించి ఎలా మాట్లాడాలి: తల్లిదండ్రులకు సమగ్ర మార్గదర్శి

"మా వాడికి పద్నాలుగేళ్లు. ఈ విషయం ఎత్తితే లేనిపోని ఆలోచన మేమే పుట్టించినట్టు అవుతుందేమో?" "మా అమ్మాయి ఫ్రెండ్ ఇంటి నుంచి వచ్చినప్పుడు వాసన వచ్చింది. ఇప్పుడేం మాట్లాడాలి?" ఇలాంటి ప్రశ్నలు పదే పదే వస్తున్నాయి. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా జవాబు చెప్పే బదులు, మొదటి నుంచి చివరి దాకా వరసగా ఇక్కడ పెడుతున్నాను.

ముందుగా ఒక మాట. పిల్లల చేత "జన్మలో ముట్టను" అని ఒట్టు వేయించుకోవడం మన లక్ష్యం కాదు. ఒట్టు వేసిన పిల్లలు, అది తప్పిన రోజు అందరికన్నా ముందు దాచేది మన దగ్గరే. మనకు కావలసినవి రెండు. ఒకటి, వాళ్లు అసలు మొదలుపెట్టకపోవడం, లేదా వీలైనంత ఆలస్యంగా మొదలుపెట్టడం. రెండు, ఏ రాత్రైనా ఎక్కడైనా ఇరుక్కుంటే మొదటి ఫోన్ మనకే రావడం. కింద చెప్పే ప్రతి మెట్టూ ఈ రెండింటి కోసమే.

## 1. మాట్లాడే ముందు ఇంటి సంగతి చూసుకోండి

పిల్లలు మన మాట వినడానికి ముందే మన చేతిలో గ్లాసు చూస్తారు. "ఇవాళ టెన్షన్ తట్టుకోలేకపోయాను" అంటూ సీసా తీసే అలవాటు మీకుంటే, టెన్షన్‌కు విరుగుడు ఇదేనని ఇప్పటికే పాఠం చెప్పేసినట్టు. మానేయగలిగితే మంచిదే. మానలేకపోయినా, పిల్లల ముందు దాన్ని సరదాగా, మగతనంగా, బాధకు మందుగా చూపించడం ఈ రోజే ఆపవచ్చు. సీసా తెమ్మనీ, గ్లాసు అందించమనీ పిల్లలకు పనులు చెప్పడం కూడా.

తర్వాతది, అమ్మానాన్నలిద్దరిదీ ఒకే మాట కావడం. అమ్మ "వద్దే వద్దు" అంటుంటే, నాన్న "మన కళ్ల ముందు ఒక గుక్క తాగితే ఏం పోయింది, బయట పాడవకుండా ఉంటాడు" అంటాడు. చాలా ఇళ్లలో ఈ వాదన నడుస్తుంది కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుతాను. ఆస్ట్రేలియాలో 1,927 మంది పిల్లలను పన్నెండేళ్ల వయసు నుంచి ఆరేళ్ల పాటు గమనించిన పరిశోధన ఒకటి 2018లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో వెలువడింది. తల్లిదండ్రులు తామే పోసి ఇవ్వడం వల్ల పిల్లలకు రక్షణేమీ దొరకలేదని తేలింది. పైగా అలా ఇంట్లో మద్యం అందిన పిల్లలు బయట కూడా దాన్ని సంపాదించుకునే అవకాశం పెరిగింది. కాబట్టి "కళ్ల ముందు రుచి చూపిద్దాం" అన్న ఆలోచన మానుకోండి. సదుద్దేశంతో చేసినా అది "నీకు అనుమతి ఉంది" అనే సంకేతంగానే చేరుతుంది.

మీ వైపు గానీ, మీ భార్య లేదా భర్త వైపు గానీ తాగుడుకు బానిసైన దగ్గరి బంధువులు ఉంటే ఆ సంగతి దాచకండి. ఆ వ్యసనం వచ్చే ముప్పులో దాదాపు సగం వంశపారంపర్యంగా వచ్చేదేనని పరిశోధనలు చెబుతున్నాయి. షుగర్, బీపీ కుటుంబంలో ఉంటే ఎలా చెబుతామో ఇదీ అలాగే చెప్పాలి.

మాట్లాడే ముందు సరిచూసుకోవలసినవి:

- మీ ప్రాంతంలో మద్యం కొనడానికి, తాగడానికి చట్టం చెప్పిన వయసు మీకు కచ్చితంగా తెలుసా?
- ఇంటి నియమం ఏమిటో ఇద్దరూ విడిగా కూర్చుని తేల్చుకున్నారా?
- ఇంట్లో ఉన్న సీసాలు తాళం వేసిన చోట ఉన్నాయా? ఏది ఎంత మిగిలిందో తెలుసా?
- "మీరు ఆ వయసులో తాగారా?" అని అడిగితే ఏం చెప్పాలో అనుకున్నారా?
- తాతయ్య, బాబాయి, మామయ్య లాంటి వాళ్లు "కొంచెం తాగరా" అని సరదాకు గ్లాసు అందించకుండా ముందే చెప్పి ఉంచారా?

చివరిది చాలామంది మరిచిపోతారు. పిల్లలకు మొదటి గుక్క బయటివాళ్ల చేతి మీదుగానే అందాలని లేదు.

## 2. ఈ వాస్తవాలు మీ నోటికి వచ్చి ఉండాలి

పిల్లలకు ఫోన్ ఉంది. మీరు చెప్పింది అతిశయోక్తి అయితే రెండు నిమిషాల్లో పట్టేస్తారు. ఆ తర్వాత మీరు చెప్పే నిజం కూడా చెవికెక్కదు. అందుకని కొంచెమే చెప్పండి, నిజమైనదే చెప్పండి.

మెదడు సంగతి. మన మెదడు ఇరవై అయిదేళ్ల ప్రాంతం దాకా ఎదుగుతూనే ఉంటుంది. ఆనందం కోసం ఎగబడే భాగాలు ముందు చురుకవుతాయి. ఆలోచించి ఆగమనే ముందరి భాగం అన్నిటికన్నా చివర పరిణతికి వస్తుంది. అందుకే టీనేజ్‌లో మద్యం పెద్దవాళ్లలో కన్నా ఎక్కువ నష్టం చేయగలదు. జ్ఞాపకాలను నమోదు చేసే భాగం మీద కూడా దాని దెబ్బ పడుతుంది. బాగా తాగిన మర్నాడు కొన్ని గంటలు అసలు గుర్తే లేకపోవడం అందుకే.

మొదలుపెట్టే వయసు. అమెరికాలో 1997లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, పదిహేనేళ్ల లోపు తాగడం మొదలుపెట్టినవాళ్లలో దాదాపు 40 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దానికి బానిసలయ్యారు. ఇరవై దాటాక మొదలుపెట్టినవాళ్లలో అది 10 శాతం దగ్గర ఉంది. చిన్న వయసే దానికి ఏకైక కారణమని దీనితో రుజువు కాదు, కానీ ఒక్కో ఏడాది వాయిదా వేయించడానికి ఎందుకింత పాటుపడాలో దీనితో అర్థమవుతుంది.

"బీరే కదా" అన్న మాట. 330 మిల్లీలీటర్ల బీరులో అయిదు శాతం ఆల్కహాల్ ఉంటే, దానిలో ఉన్న అసలు ఆల్కహాల్ సుమారు 13 గ్రాములు. నలభై శాతం ఉన్న విస్కీ లేదా వోడ్కా 30 మిల్లీలీటర్లలో తొమ్మిదిన్నర గ్రాములు. అంటే ఒక చిన్న బీరు ఒక చిన్న పెగ్గు కన్నా ఎక్కువే. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి. పిల్లలకు ఉపదేశం కన్నా లెక్క బాగా ఎక్కుతుంది.

దిగడానికి పట్టే సమయం. కాలేయం గంటకు సుమారు ఒక డ్రింకు మోతాదునే కరిగించగలదు. కాఫీ, చన్నీళ్ల స్నానం, నిమ్మరసం ఏవీ దాన్ని తొందరపెట్టలేవు. తాగడం ఆపేశాక కూడా, కడుపులో ఉన్నది రక్తంలోకి చేరుతూ మత్తు ఇంకా పెరుగుతుంది.

ఎనర్జీ డ్రింకుతో కలపడం. కెఫీన్ వల్ల మత్తు తెలియదు, కానీ మత్తు ఉంటుంది. తూలడం లేదు కదా అని ఇంకా తాగేస్తారు.

క్యాన్సర్ సంగతి కూడా మీకు తెలిసి ఉండాలి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మద్యాన్ని, మనుషులకు క్యాన్సర్ తెస్తాయని కచ్చితంగా తేలిన వాటి జాబితాలో (గ్రూప్ 1) చేర్చింది. ఆరోగ్యానికి సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. కానీ పదిహేనేళ్లవాడికి యాభయ్యో ఏట వచ్చే జబ్బు గురించి చెబితే చెవిన పడదు. వాడికి దగ్గరగా ఉన్నవి చెప్పండి: మర్నాటి మ్యాచ్‌లో కాళ్లు కదలకపోవడం, మత్తులో ఉండగా ఎవరో తీసిన వీడియో ఊరంతా తిరగడం, పంపకూడని మెసేజ్ పంపేయడం, వద్దనుకున్న చోట ఎవరో చెయ్యి వేస్తే ఆపలేకపోవడం. ఈ చివరిది అమ్మాయిలకే కాదు, అబ్బాయిలకు కూడా చెప్పాలి. ఎదుటివాళ్లు మత్తులో ఉన్నప్పుడు వాళ్ల "సరే" సరే కాదన్న సంగతి కూడా ఇద్దరికీ చెప్పాలి.

## 3. ఏ వయసులో, ఎక్కడ, ఎంతసేపు

పిల్లల్లో మద్యం మీద మంచి అభిప్రాయం ఏర్పడేది తొమ్మిది నుంచి పదమూడేళ్ల మధ్యనని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. తొమ్మిదేళ్లకే మాట కలపమని కూడా సూచిస్తోంది. "ఆలోచన మేమే పుట్టించినట్టు అవుతుందేమో" అని భయపడేవాళ్లకు నా జవాబు ఇదే: ఆలోచన ఇప్పటికే పుట్టింది, మీరు ఆలస్యంగా వస్తున్నారు.

తొమ్మిది, పదేళ్లప్పుడు రెండు వాక్యాలు చాలు. "అది పెద్దవాళ్లు తాగేది, ఎదిగే ఒంటికి చెరుపు చేస్తుంది. ఎవరైనా ఇస్తే వద్దని నాకు చెప్పు." పన్నెండు, పదమూడేళ్లకు ఇంటి నియమం స్పష్టంగా రావాలి. పదిహేను దాటాక సంభాషణ నియమం నుంచి సందర్భాల వైపు మళ్లాలి: పార్టీలు, బండ్లు, స్నేహితులు, ఫోన్.

చోటు విషయంలో ఒకటే సూత్రం. ఎదురుబొదురుగా కూర్చోబెట్టకండి. "ఇలా రా, నీతో మాట్లాడాలి" అనగానే పిల్లల గుండెల్లో రాయి పడుతుంది, నోరు మూతపడుతుంది. కారులో పక్కపక్కన కూర్చున్నప్పుడు, గిన్నెలు తోముతున్నప్పుడు, నడకకు వెళ్లినప్పుడు కళ్లలో కళ్లు పెట్టి చూడాల్సిన పని ఉండదు. మాట సులువుగా వస్తుంది. అయిదు నిమిషాలు చాలు. గంట సేపు ఒక్కసారి మాట్లాడటం కన్నా, నెలకోసారి అయిదు నిమిషాలు మాట్లాడటం మేలు.

ఎప్పుడు వద్దు: మీరు కోపంగా ఉన్నప్పుడు, వాళ్లు ఆకలితో లేదా నిద్రమత్తులో ఉన్నప్పుడు, తమ్ముడో చెల్లెలో వింటున్నప్పుడు, పరీక్ష ముందు రోజు.

## 4. మొదటి మాట ఎలా ఎత్తాలి

"నువ్వు తాగుతున్నావా?" అని మొదలుపెడితే "లేదు" అన్న ఒక్క మాటతో అయిపోతుంది. మూడో మనిషి గురించి మొదలుపెట్టండి. ఇద్దరూ చూసిన సినిమాలో ఒక సన్నివేశం, వార్తల్లో ఒక ప్రమాదం, ఏదో ఫంక్షన్‌లో తూలిన మనిషి, ఏదైనా సరే.

ఒక చిన్న సంభాషణ ఇలా నడవవచ్చు:

అమ్మ: "ఆ సినిమాలో వాడు బాధ కలగ్గానే సీసా పట్టుకున్నాడు కదా, నీకెలా అనిపించింది?"

కొడుకు: "ఏమో."

అమ్మ: "మీ వయసువాళ్లు దీని గురించి ఏమనుకుంటారో నాకు నిజంగా తెలీదు కన్నా. అందుకే అడిగాను."

కొడుకు: "కొంతమంది తాగుతారులే."

ఇక్కడే చాలా సంభాషణలు చచ్చిపోతాయి. నాలుక చివరిదాకా వచ్చే ప్రశ్న "ఎవరు?" అన్నది. అడగకండి. పేరు అడిగిన క్షణం నుంచీ మీరు వాడికి అమ్మ కాదు, పోలీసు. "ఊఁ" అని ఊరుకోండి. మనసులో పది లెక్కపెట్టండి. ఆ మౌనాన్ని భరించడం కష్టం, కానీ దాన్ని నింపేది వాడే కావాలి. తర్వాత కావాలంటే, "మరి వాళ్లు తాగుతుంటే పక్కన ఉన్నవాళ్లకు ఇబ్బందిగా ఉండదూ?" అనండి. ఈ ప్రశ్నలో నేరం లేదు, వాడి అనుభవానికి చోటుంది.

వాళ్లు చెప్పేటప్పుడు మీ మొహం మీద ఓ కన్నేసి ఉంచుకోండి. కనుబొమలు ముడిపడితే కథ అక్కడితో ఆగిపోతుంది. విన్న కథను మర్నాడు పిన్నికి ఫోన్ చేసి చెప్పారంటే, అదే ఆఖరి కథ.

## 5. నియమాన్ని ఒక్క వాక్యంలో చెప్పండి

వినడం అంటే అన్నిటికీ తలూపడం కాదు. ఇంటి నియమం అనుమానానికి తావు లేకుండా ఉండాలి. "జాగ్రత్తగా ఉండు", "మితంగా ఉండు" అంటే పదహారేళ్ల చెవికి "కొంచెం పర్లేదు" అని వినిపిస్తుంది.

ఇలా చెప్పవచ్చు: "చట్టం ఒప్పుకునే వయసు వచ్చేదాకా నువ్వు మద్యం ముట్టకూడదు. నీ మీద నమ్మకం లేక కాదు, నీ మెదడు ఇంకా ఎదుగుతోంది కాబట్టి."

నియమం తప్పితే ఏం జరుగుతుందో కూడా అప్పుడే చెప్పండి. అది చిన్నదిగా, తప్పకుండా జరిగేదిగా ఉండాలి. "ఇంట్లోంచి గెంటేస్తాను", "చదువు మాన్పిస్తాను" లాంటివి మీరు చేయరని వాళ్లకు తెలుసు. రెండు వారాలు రాత్రి బయటకు వెళ్లకపోవడం లాంటిది మీరు నిజంగా అమలు చేయగలరు. అలాంటిదే చెప్పండి.

## 6. "వద్దు" అనడం ప్రాక్టీస్ చేయించండి

పిల్లలకు తెలియనిది మద్యం చెడ్డదన్న సంగతి కాదు. నలుగురు చూస్తుండగా గ్లాసును ఎలా తప్పించుకోవాలన్నదే తెలియదు. మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2005లో చేసిన ప్రయోగంలో, కంప్యూటర్ మీద బండి నడిపే ఆటలో టీనేజ్ పిల్లలు ఒంటరిగా ఉన్నప్పటికన్నా స్నేహితులు చూస్తున్నప్పుడు దాదాపు రెట్టింపు సాహసాలు చేశారు. పెద్దవాళ్లలో ఆ తేడా రాలేదు. మీ ముందు తెలివిగా మాట్లాడే పిల్ల అక్కడ అలా ఎందుకు చేసిందో ఇప్పుడు అర్థమవుతుంది కదా. ఆ క్షణంలో ఆలోచించి మాట వెతుక్కోవడం కష్టం. మాట ముందే నోటికి వచ్చి ఉండాలి.

ఎలా చేయించాలి:

1. స్నేహితుడి పాత్ర మీరు వేయండి. పిల్లలు జవాబివ్వాలి.
2. మొదట మెల్లగా అడగండి: "ఒక గుక్క వేసుకో."
3. రెండోసారి ఎగతాళి చేయండి: "ఏంట్రా, మీ అమ్మకు భయపడతావా?"
4. మూడోసారి స్నేహాన్ని పణంగా పెట్టండి: "నువ్వు తాగకపోతే మాతో రావొద్దు."
5. ఇప్పుడు పాత్రలు మార్చండి. వాళ్లు ఒత్తిడి చేస్తారు, మీరు తప్పించుకోవాలి. అసలు అక్కడ ఏం మాట్లాడుకుంటారో మీకు అప్పుడు తెలుస్తుంది.

పనికొచ్చే జవాబులు పొట్టివి. "వద్దురా, నాకు పడదు." "రేపు పొద్దున్నే ప్రాక్టీస్ ఉంది." "మా నాన్న నోరు వాసన చూస్తాడు, దొరికితే ఫోన్ పోతుంది." ఈ మూడోది నాకు బాగా నచ్చిన ఆయుధం. నెపం మీ మీద వేయడానికి వాళ్లకు పూర్తి అనుమతి ఇవ్వండి. వాళ్ల స్నేహితుల ముందు మీరు రాక్షసులుగా కనిపించినా నష్టం లేదు.

ఇంకొకటి: చేతిలో ముందే ఏదో ఒక డ్రింకు, నీళ్లో సోడానో, పట్టుకుని ఉంటే అడిగేవాళ్లు తగ్గుతారు. తమ గ్లాసును వదిలి వెళ్లకూడదని, వదిలి వెళ్తే తిరిగొచ్చి అదే తాగకూడదని చెప్పండి.

## 7. అర్ధరాత్రి ఒప్పందం

ఈ మార్గదర్శిలో ఒక్క మెట్టే పాటించగలనంటే, ఇది పాటించండి.

మీ ఇద్దరికే తెలిసిన ఒక గుర్తు పెట్టుకోండి. ఒక అక్షరమో, ఒక మామూలు ప్రశ్నో. అది మెసేజ్‌గా రాగానే మీరు ఫోన్ చేసి, "అర్జెంటు పని ఉంది, వెంటనే రావాలి, నేను వస్తున్నాను" అనాలి. పిల్లలు మొహం చిరాగ్గా పెట్టి "మా ఇంట్లో ఏదో గొడవ" అని బయటపడతారు. పరువు దక్కుతుంది, ప్రాణం దక్కుతుంది.

ఒప్పందంలో ఉండాల్సినవి:

- ఏ సమయమైనా, ఏ చోటైనా నేను వస్తాను, లేదా నమ్మకమైన మనిషిని పంపుతాను.
- దారిలో ప్రశ్నలు వేయను. మాట్లాడేది మర్నాడే.
- నువ్వు తాగి ఉన్నా సరే, ఫోన్ చేసినందుకు తిట్టను.
- తాగినవాళ్లు నడిపే బండి నువ్వు ఎక్కవు. వాడు అన్నయ్యైనా, ఫ్రెండ్ వాళ్ల నాన్నైనా.
- స్నేహితుల్లో ఎవరైనా స్పృహ తప్పితే, దొరికిపోతామని భయపడకుండా అంబులెన్స్‌కు ఫోన్ చేస్తావు. నీ వెనక నేనుంటాను.

మొదటి ఫోన్ వచ్చిన రాత్రి ఈ మాట నిలబెట్టుకోవడం చాలా కష్టం. గుండె దడదడలాడుతూ ఉంటుంది, నోటి నిండా ప్రశ్నలుంటాయి. కానీ ఆ రాత్రి కారులో మీరు ఒక్క దండకం చదివారంటే రెండో ఫోన్ రాదు.

## 8. వాళ్లు అడిగే ప్రశ్నలు, మీ జవాబులు

"నువ్వు నా వయసులో తాగావా?" అబద్ధం వద్దు. తాగి ఉంటే, అవునని చెప్పి, దాని వల్ల జరిగిన ఇబ్బంది ఒకటి చెప్పండి. అది నవ్వుకుంటూ చెప్పే వీరగాథ కాకూడదు. వివరాలు చెప్పడం ఇష్టం లేకపోతే, "అది ఇంకోసారి చెబుతాను, ఇప్పుడు నీ సంగతి మాట్లాడుకుందాం" అనవచ్చు.

"నాన్న తాగుతాడుగా, నాకెందుకు వద్దు?" ఈ జవాబు నాన్నే ఇవ్వాలి. "నిజమే. నా ఒంటికి కూడా మంచిది కాదు. కానీ నీ వయసులో నష్టం ఎక్కువ, చట్టం కూడా ఒప్పుకోదు." సమర్థించుకోవడానికి దిగితే ఓడిపోతారు.

"అందరూ తాగుతున్నారు." అందరూ అన్న భావన సాధారణంగా నిజం కన్నా పెద్దదిగా ఉంటుంది. తాగినవాళ్లే బయటకు చెప్పుకుంటారు, తాగనివాళ్లు మాట్లాడరు. "మీ క్లాసులో తాగనివాళ్లు ఎంతమంది ఉంటారంటావ్?" అని అడిగి లెక్క వాళ్లనే వేయనివ్వండి.

"ఒక్కసారికి ఏమవుతుంది?" చాలాసార్లు ఏమీ కాదు. అలాగే చెప్పండి. "కానీ అలవాటు లేని ఒంటికి ఎంత తాగితే ఎక్కువో నీకు తెలియదు. తెలిసేసరికి ఆలస్యమైపోతుంది."

## 9. తాగి ఇంటికొచ్చిన రాత్రి

ఆ రాత్రి పని ఒక్కటే, ప్రాణం చూసుకోవడం. నిలదీయడం మర్నాటికి వాయిదా వేయండి. మత్తులో ఉన్న పిల్లలకు ఏదీ ఎక్కదు, మీరన్న మాటల్లో తిట్లు మాత్రం గుర్తుండిపోతాయి.

ఏం తాగారు, ఎంత తాగారు, దానితో ఏవైనా మాత్రలు వేసుకున్నారా అన్నది మాత్రం అడగండి. నిద్రమాత్రలు, నొప్పి తగ్గించే మత్తు మందులు మద్యంతో కలిస్తే ఊపిరి మందగిస్తుంది.

వెంటనే అంబులెన్స్ పిలవాల్సిన లక్షణాలు:

- పిలిచినా, గిల్లినా లేవకపోవడం
- నిమిషానికి ఎనిమిది కన్నా తక్కువ శ్వాసలు, లేదా శ్వాసకూ శ్వాసకూ మధ్య పది సెకన్లకు పైగా ఎడం
- ఒళ్లు చల్లబడటం, పెదవులు లేదా గోళ్లు నీలంగా మారడం
- స్పృహ సరిగ్గా లేకుండానే వాంతులు
- ఫిట్స్, తలకు దెబ్బ

ఇవేవీ లేకపోయినా ఒంటరిగా పడుకోబెట్టకండి. ఒక పక్కకు తిప్పి, పైన ఉన్న మోకాలు ముందుకు మడిచి, నోరు కిందికి వాలేలా పడుకోబెట్టండి. వాంతి అయితే బయటికే పోవాలి, ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. పక్కనే కూర్చుని శ్వాస చూస్తూ ఉండండి. బలవంతంగా వాంతి చేయించవద్దు, చన్నీళ్లు పోయవద్దు, మాత్రలేవీ వేయవద్దు. "నిద్రపోతే అదే దిగుతుంది" అని తలుపేసి వెళ్లిపోవడం అన్నిటికన్నా ప్రమాదం.

మర్నాడో ఆపైనో చూపు మసకబారితే, కడుపులో తీవ్రమైన నొప్పి వస్తే, ఆయాసం వస్తే, తాగినదానిలో మిథనాల్ అనే విషం కలిసి ఉండవచ్చు. కల్తీ మద్యంలో ఇది ఉండే ప్రమాదం ఉంది. కొద్ది మోతాదు కూడా చూపు తీసేయగలదు. ఒక్క గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మర్నాడు మాట్లాడేటప్పుడు ఈ వరస పాటించండి. ముందు మీ భయం చెప్పండి: "రాత్రంతా నీ ఊపిరి చూస్తూ కూర్చున్నాను. భయమేసింది." తర్వాత ఏం జరిగిందో పూర్తిగా చెప్పనివ్వండి. ఎక్కడ తప్పించుకునే వీలు ఉండిందో వాళ్లనే వెతకమనండి. ముందే అనుకున్న శిక్షను మాత్రమే, దానికి పైన ఒక్క రోజు కూడా కలపకుండా అమలు చేయండి. తనంతట తాను ఫోన్ చేసి పిలిచి ఉంటే, ఆ పని మెచ్చుకోండి. శిక్ష విషయంలో మెత్తబడినా తప్పు లేదు.

## 10. తరచూ జరిగే పొరపాట్లు, దిద్దుబాట్లు

ఉపన్యాసం. మీరు రెండు నిమిషాలకు పైగా ఆపకుండా మాట్లాడుతుంటే, అది సంభాషణ కాదు. ఆగి ఒక ప్రశ్న వేయండి.

భయపెట్టడం. "ఒక్క గుక్కతో జీవితం నాశనం" అంటే, తాగినా బాగానే ఉన్న స్నేహితుణ్ని చూపిస్తారు. ఉన్నదున్నట్టు చెప్పండి.

పోల్చడం. "పక్కింటి అబ్బాయిని చూడు." ఈ మాట ఏ విషయంలోనూ పనిచేయలేదు, ఇందులోనూ చేయదు.

కూపీ లాగడం. ఫోన్ దొంగతనంగా చూసి దొరికిన సంగతితో నిలదీస్తే, వాళ్లు తాగుడు మానరు, పాస్‌వర్డ్ మారుస్తారు. ఎక్కడికి, ఎవరితో, ఎప్పుడు వస్తావు, అక్కడ పెద్దవాళ్లుంటారా అని నేరుగా అడగండి. అవసరమైతే ఆ ఇంటివాళ్లకు ఫోన్ చేస్తామని ముందే చెప్పి చేయండి.

అబ్బాయిలకో నియమం, అమ్మాయిలకో నియమం. "మగపిల్లాడు, మామూలే" అనే మాట ఇంట్లో వినిపిస్తే, అన్నాచెల్లెళ్లిద్దరికీ మీ నియమం మీద గౌరవం పోతుంది.

మొదటి ప్రయత్నం విఫలమైందని వదిలేయడం. మొహం తిప్పుకుని వెళ్లిపోయినా మీ మాట విన్నారు. రెండు వారాలాగి మళ్లీ ఎత్తండి.

## 11. ఇంట్లోనే తాగుడు సమస్య ఉంటే

ఇక్కడ పిల్లలకు చెప్పాల్సిన మాటలు వేరు. "నాన్న తాగడానికి కారణం నువ్వు కాదు. ఆయన్ని మాన్పించడం నీ బాధ్యత కాదు. దీని గురించి బయట ఒక పెద్దమనిషితో మాట్లాడటం తప్పు కాదు." ఈ మూడు వాక్యాలు స్పష్టంగా, ఒకసారి కాదు, పలుమార్లు వాళ్ల చెవిన పడాలి. చాలామంది పిల్లలు లోలోపల నేరం తమ మీదే వేసుకుంటారు.

కుటుంబంలో తాగేవాళ్లున్న టీనేజ్ పిల్లల కోసం 1957లో మొదలైన అలటీన్ అనే బృందాలు చాలా దేశాల్లో ఉన్నాయి. అవి అందుబాటులో లేకపోతే స్కూలు కౌన్సెలర్, నమ్మకమైన టీచర్, అత్తయ్యో పెద్దమ్మో, ఎవరో ఒకరి నంబరు పిల్లల దగ్గర ఉండేలా చూడండి. ఇంట్లో కొట్టడం లాంటివి జరుగుతుంటే ఈ మార్గదర్శి కన్నా ముందు పిల్లల రక్షణ చూడాలి.

## 12. డాక్టర్‌ను ఎప్పుడు కలవాలి

టీనేజ్ పిల్లలను పరీక్షించడానికి వైద్యులు వాడే క్రాఫ్ట్ అనే ప్రశ్నావళి ఉంది. అందులోని ఆరు ప్రశ్నల సారం ఇది. మద్యం గానీ మరే మత్తు గానీ తీసుకున్నవాళ్లు నడిపిన బండిలో వెళ్లావా? మనసు తేలికపడటానికో, నలుగురిలో కలవడానికో వాడుతున్నావా? ఒంటరిగా ఉన్నప్పుడు వాడావా? ఆ సమయంలో చేసినవి మరిచిపోయావా? తగ్గించమని ఇంట్లోవాళ్లు, స్నేహితులు అన్నారా? దాని వల్ల చిక్కుల్లో పడ్డావా? రెండు లేదా అంతకన్నా ఎక్కువ "అవును"లు వస్తే లోతుగా చూడాల్సిందే.

మీరు ఈ ప్రశ్నలను విచారణలాగా అడగకండి. డాక్టర్‌కే వదిలేయండి. పిల్లలతో కొంతసేపు ఒంటరిగా మాట్లాడమని డాక్టర్‌ను కోరి, మీరు గది బయట కూర్చోండి. మీరు ఉండగా రాని నిజం, మీరు లేనప్పుడు వస్తుంది.

నిద్ర, చదువు, స్నేహితులు ఒక్కసారిగా మారిపోయినా, డబ్బు మాయమవుతున్నా, దిగులు, చావు మాటలు వినిపించినా ప్రశ్నావళి కోసం కూడా ఆగవద్దు. తాగుడు వెనక డిప్రెషన్ దాగి ఉండటం మామూలే. రోజూ ఎక్కువగా తాగే స్థితి వచ్చి ఉంటే, ఇంట్లో కట్టడి చేసి ఒక్కసారిగా మాన్పించవద్దు. అలా చేస్తే ఫిట్స్ రావచ్చు. వైద్యుల పర్యవేక్షణలోనే మాన్పించాలి.

అపాయింట్‌మెంట్‌కు వెళ్లేటప్పుడు వెంట ఉండాల్సినవి: వాళ్లు వాడుతున్న మందుల పేర్లు, కుటుంబంలో తాగుడు, మానసిక జబ్బులు ఎవరికున్నాయో ఆ వివరం, గత రెండు నెలల్లో మీరు గమనించిన మార్పులు తేదీలతో రాసిన కాగితం. ఆ కాగితంలో ఏం రాశారో పిల్లలకు ముందే చదివి వినిపించండి.